పండగపూట భోజనానికి ఎవరొస్తారు?

పట్నంలో పెద్ద ఉద్యోగం చేసే అమ్మాయి క్రిస్మస్‌కి పుట్టినూరు వస్తుంది. అక్కడ బేకరీయో, బొమ్మల కొట్టో మూతపడే దశలో ఉంటుంది. దాన్ని నడిపే అబ్బాయికీ ఈ అమ్మాయికీ మొదట్లో క్షణం పడదు. ఈలోగా మంచు కురుస్తుంది. క్రిస్మస్ చెట్టుకి ఇద్దరూ కలిసి దీపాలు కడతారు. ఇక ఆ తర్వాత కథ చెప్పాలా! ముత్యాల సరాల నడకలో అయితే నాలుగు పాదాలు చాలు:

మంచు కురిసే చిన్న ఊరికి
పెట్టె మోసుకు వచ్చె పట్నపు
పిల్ల, తగవే ప్రేమ కాగా
పెళ్లి బాజా మోగెరా!

ముగింపు మొదటి పది నిమిషాల్లోనే తెలిసిపోతుంది. అయినా జనం చూస్తారు. చూసిందే మళ్లీ చూస్తారు. అమెరికాలో హాల్‌మార్క్ ఛానల్ 2009లో 'కౌంట్‌డౌన్ టు క్రిస్మస్' పేరుతో ఈ సినిమాలకి ఏకంగా ఒక సీజనే మొదలుపెట్టింది. అప్పట్నుంచీ ఇలాంటి కథలు డజన్ల కొద్దీ వచ్చాయి. అన్నట్టు, హాల్‌మార్క్ అంటే గ్రీటింగ్ కార్డుల కంపెనీయే. కార్డు మీద రెండు ప్రాస పాదాలు అచ్చేసి అమ్మిన సంస్థే, అదే ఆప్యాయతని గంటన్నర సినిమాగా సాగదీసి ఇంటింటికీ పంపుతోందన్నమాట!

మరి అంతా తెలిసిన కథని ఎవరు చూస్తారు? 2017 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్ దీనికో లెక్క చెప్పింది. 'ఎ క్రిస్మస్ ప్రిన్స్' అనే సినిమాని 53 మంది వరుసగా 18 రోజులపాటు రోజూ చూశారట. అక్కడితో ఊరుకోకుండా, మిమ్మల్ని అంతగా బాధపెట్టిందెవరంటూ వాళ్లనే అడిగింది ట్విట్టర్‌లో. కొందరు నవ్వుకున్నారు. ఇంకొందరికి మాత్రం, ఎవరింట్లో ఎవరేం చూస్తున్నారో కనిపెట్టి ఎగతాళి చేయడమేమిటని ఒళ్లు మండింది. వేళాకోళం సంగతి పక్కనపెడితే ప్రశ్న మాత్రం తీసిపారేసేది కాదు. ఊరంతా దీపాలు పెట్టుకున్న రోజున ఒంటరిగా ఉన్నవాళ్ల మాటేమిటి?

చెప్పిందే చెప్పించుకునే అలవాటు సినిమాలతో వచ్చింది కాదు. 1823 డిసెంబరు 23న న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్ పట్టణంలో, 'ట్రాయ్ సెంటినెల్' అనే పత్రిక 56 పాదాల సరదా పద్యమొకటి వేసింది. రాసినవారి పేరు లేదు. పండగ ముందురోజు రాత్రి ఇంట్లో అంతా నిద్రపోతుంటే సెయింట్ నికొలస్ తాత పొగగొట్టంలోంచి దిగి, పిల్లల మేజోళ్లనిండా బొమ్మలు నింపి వెళ్లిపోతాడు. కథ అంతే! ఆయన బండిని లాగే ఎనిమిది దుప్పులకీ పేర్లు పెట్టింది ఈ పద్యమే. తర్వాత క్లెమెంట్ క్లార్క్ మూర్ అనే పండితుడు దాన్ని 1844లో తన పద్యాల పుస్తకంలో చేర్చుకున్నాడు. కాదు, అది మా తాతగారు హెన్రీ లివింగ్‌స్టన్ రాసిందని మరో కుటుంబంవాళ్లు వాదించారు. ఆ తగవు పండితులది. పిల్లలకి దాంతో పనిలేదు. ఏటా అదే రాత్రి పెద్దవాళ్లు అదే పద్యం చదవాలి. ఒక్క దుప్పి పేరు తప్పినా పిల్లలే దిద్దుతారు. అందులో ఆసక్తి ఏం జరుగుతుందన్నది కాదు. కిందటేడు పక్కన కూర్చుని చదివినవాళ్లు ఈ ఏడూ పక్కనే ఉన్నారా అన్నది.

ఈ సంగతి బాగా తెలిసిన సినిమా ఒకటుంది. 1940 జనవరిలో విడుదలైన 'ద షాప్ అరౌండ్ ద కార్నర్'. దర్శకుడు ఎర్నెస్ట్ లూబిచ్. కథ బుడాపెస్ట్‌లోని ఓ తోలు వస్తువుల కొట్లో జరుగుతుంది. అందులో గుమాస్తాలు క్రాలిక్, క్లారా. ఆ పాత్రలు వేసింది జేమ్స్ స్టీవర్ట్, మార్గరెట్ సల్లవన్. కౌంటర్ దగ్గర ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. కానీ ఇద్దరూ ఎవరో తెలియని ఒక వ్యక్తికి ఉత్తరాలు రాస్తూ, చూడకుండానే ప్రేమలో పడిపోతారు. ఆ వ్యక్తి ఎవరో కాదు, పక్క కౌంటర్‌లో ఉన్న మనిషే. తమిళం నుంచి డబ్బింగై వచ్చిన 'ప్రేమలేఖ' గుర్తున్నవాళ్లకి ఈ తమాషా కొత్త కాదు.

చివరికి క్రిస్మస్ ముందురోజు రాత్రి, కొట్టు కట్టేశాక, క్రాలిక్ కోటుకి ఎర్రపువ్వు పెట్టుకుని నేనేనంటాడు. ఒక్కసారిగా నమ్మలేని క్లారా ముందు ప్యాంటు పైకెత్తమంటుంది, కాళ్లు వంకరేమో చూడాలని! ప్రేమకథ అలా నవ్వుల్లో ముగిసిపోతుంది. అయితే చూసినవాళ్లని వదలకుండా వెంటాడేది దానికి కొన్ని నిమిషాల ముందు వచ్చే మరో సన్నివేశం.

కొట్టు యజమాని మాతూషెక్ పెద్దాయన. భార్య తన గుమాస్తాల్లోనే ఒకరితో సంబంధం పెట్టుకుందని తెలిసి ప్రాణం తీసుకోబోతాడు. పనికుర్రాడు పెపీ చూసి అడ్డుపడటంతో బతుకుతాడు. కోలుకుని, పండగ ముందురోజు కొట్టుకొస్తాడు. అమ్మకాలు బ్రహ్మాండం. అందరికీ బోనస్‌లు. కొట్టు కట్టేశాక ఆయన మాత్రం ఇంటికి వెళ్లడు. మంచులో గుమ్మం బయటే నిలబడి, వచ్చేవాళ్లని ఒక్కొక్కర్నీ పలకరిస్తాడు. ఒకామె తల్లి దగ్గరికి వెళ్లాలి. ఒకాయనకి పెళ్లాం పిల్లలు ఎదురుచూస్తుంటారు. ఆఖరికి పెపీకి కూడా ఓ అమ్మాయితో షికారు ఉంది! నాతో భోజనానికి రండని ఆయన తిన్నగా అడగనూ లేడు, అడగకుండా ఉండనూ లేడు.

చివరగా కొత్తగా చేరిన కుర్రాడు రూడీ బయటికొస్తాడు. ఈ ఊళ్లో నీకెవరూ లేరా అని పెద్దాయన అడిగితే లేరంటాడు. అంతే, ఆయన మొహం వెలిగిపోతుంది. కాల్చిన పెద్దబాతు, బంగాళాదుంపలు, ఎర్ర క్యాబేజీ, ఆఖర్న ఆపిల్ స్ట్రూడెల్... ఒక్కొక్క వంటకం చెబుతుంటే కుర్రాడి కళ్లు విప్పారతాయి. ఇద్దరూ టాక్సీ ఎక్కుతారు. పాటలేదు, ముద్దులేదు. అయినా అంతటి ప్రేమకథా ఈ సన్నివేశం ముందు చిన్నబోతుంది.

ఆ సినిమా తీసినవాళ్లకీ సొంత ఊరు దూరమే. లూబిచ్ బెర్లిన్‌లో పుట్టిన యూదుడు. కుర్రాడిగా తండ్రి బట్టల కొట్లో పనిచేశాడు. 1922లో అమెరికా వెళ్లాడు. నాజీలు 1935లో ఆయన పౌరసత్వం రద్దు చేశారు. మూలనాటకం 'పర్ఫ్యూమరీ' రాసిన మిక్లోష్ లాస్లో 1938లో బుడాపెస్ట్ వదిలి అమెరికా చేరాడు. ముసలి గుమాస్తాగా నటించిన ఫీలిక్స్ బ్రెసార్ట్ కూడా హిట్లర్ వచ్చాక జర్మనీ విడిచినవాడే. సినిమా షూటింగ్ నాటికే యూరప్‌లో యుద్ధం మొదలైంది. తెరమీద ఆ ఊసే రాదు. కానీ పండగపూట ఒంటరిగా కూర్చుని తినడం ఎలా ఉంటుందో వాళ్లకి ఎవరూ చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

ఈ కథ తర్వాత చాలాసార్లు వేషం మార్చింది. 1949లో 'ఇన్ ద గుడ్ ఓల్డ్ సమ్మర్‌టైమ్' అయింది. 1963లో 'షి లవ్స్ మి' పేరుతో బ్రాడ్‌వే ఎక్కింది. 1998లో నోరా ఎఫ్రాన్ 'యూ హావ్ గాట్ మెయిల్' తీస్తే ఉత్తరాల చోటులోకి ఈమెయిళ్లు వచ్చాయి. టామ్ హ్యాంక్స్, మెగ్ ర్యాన్ ఎంతో ముచ్చటగా ఉంటారు. మెగ్ ర్యాన్ పుస్తకాల కొట్టుకి పాత సినిమా పేరే పెట్టారు కూడా. అన్నీ ఉన్నాయి, మంచులో నిలబడ్డ ఆ పెద్దాయన తప్ప.

ఇప్పటి క్రిస్మస్ సినిమాల్లో ఏది మిగులుతుంది, ఏది జనవరికల్లా మరుపున పడుతుంది అన్నదానికి ఇదొక మంచి పరీక్ష. నాయికా నాయకులు ఎలాగూ కలుస్తారు. వాళ్ల సంగతి చూసుకోవడానికి కథ ఉంది. పక్కన నిలబడ్డ మనిషికి ఆ పూట ఎక్కడ విస్తరి వేశారన్నదే చూడాలి.

'ద షాప్ అరౌండ్ ద కార్నర్' నిడివి 99 నిమిషాలు. నలుపు తెలుపు. పిల్లాపెద్దా కలిసి చూడొచ్చు. ఈ డిసెంబరులో ఆ డీవీడీ దొరికినా, ఏ యాప్‌లోనైనా కనిపించినా వదులుకోవద్దు. చూసేముందు మాత్రం ఒక్క పని... వీధిలోనో, హాస్టల్లోనో, ఆఫీసులో పక్క సీట్లోనో పండక్కి ఊరెళ్లని రూడీ ఒకడు ఉండే ఉంటాడు. వాడినీ భోజనానికి పిలవండి. ఏమేం వండుతున్నారో కూడా ముందే చెప్పండి!