పైన ఆరిన గింజలు, అడుగున తడి

ఉన్న చిన్న కారును ఇచ్చివేసి, పైన కొంత సొమ్ము కలిపి, లక్ష కిలోమీటర్లకు మించి తిరిగిన ఖరీదైన సెడాన్‌ను తెచ్చుకుందామన్న ఆలోచన నేడు ఏలూరు, తాడేపల్లిగూడెం వంటి పట్టణాలలోని మధ్యతరగతి ఇళ్ళలోనూ వినిపిస్తోంది. కొత్తలో పదుల లక్షలు పలికిన కారు, పదేళ్ళు గడిచేసరికి కొత్త చిన్న కారు ధరకు దిగివస్తుంది. మెత్తని సీట్లు, కుదుపు లేని ప్రయాణం, శుభకార్యానికి వెళ్తే నలుగురి చూపు. ఈ కోరిక తప్పని మేము అనము. ధర్మసమ్మతమైన సంపాదనతో సౌఖ్యం పొందడాన్ని ఇస్లాం నిషేధించలేదు. దుబారానూ ఆడంబరాన్నీ మాత్రమే వారించింది. కనుక అడగవలసిన ప్రశ్న, ఆ కారును కొనగలమా అన్నది కాదు. కొన్న తరువాత పోషించగలమా అన్నది.

పాతబడిన కొద్దీ కారు ధర తగ్గుతుంది గాని, దాని విడిభాగాల ధర తగ్గదు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్, సస్పెన్షన్, ఎలక్ట్రానిక్ పరికరాలు మరమ్మతుకు వచ్చేది కూడా సరిగ్గా ఈ వయసులోనే. వాటిని బాగుచేయగల కంపెనీ వర్క్‌షాపు కోసం విజయవాడ వంటి నగరానికి పరుగెత్తవలసి వస్తుంది. ఇంధనం సంగతి చూద్దాం. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే కుటుంబానికి, లీటరుకు 20 కిలోమీటర్లు ఇచ్చే చిన్న కారుకు 50 లీటర్లు చాలు. 10 కిలోమీటర్లే ఇచ్చే పెద్ద కారుకు 100 లీటర్లు కావాలి. లీటరు 110 రూపాయలుగా లెక్కిస్తే ఏడాదికి 66,000 రూపాయలు అదనం. అది పిల్లల ఫీజు కావచ్చు, తల్లిదండ్రుల మందులు కావచ్చు.

మన ప్రాంతంలో మరొక చిక్కు ఉంది. కొల్లేరు పెరిగినప్పుడు ఏలూరు–కైకలూరు రోడ్డు మీదికి నీరు ఎక్కడం మనకు కొత్త కాదు. నేలకు దగ్గరగా ఉండే సెడాన్‌తో ఆ నీటిలోకి దిగితే, ఇంజను నీరు పీల్చుకుని లోపలి రాడ్లు వంగిపోయే ప్రమాదం ఉంది. ప్రత్యేకంగా ఇంజను రక్షణ తీసుకోకపోతే మామూలు బీమా ఆ నష్టాన్ని సాధారణంగా భరించదు. 2024 సెప్టెంబరు ఆరంభంలో బుడమేరు వరదకు విజయవాడలో ఎన్నో వాహనాలు నీట మునిగాయి. అలా మునిగిన కారును తుడిచి, మెరుగుపెట్టి అమ్మితే పైకి ఏమీ తెలియదు.

ఇక్కడ దైవప్రవక్త (సఅసం) జీవితంలోని ఒక సంఘటన గుర్తుకు వస్తుంది. ఆయన బజారులో ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూడగా, లోపల తడి తగిలింది. వాన వల్ల తడిసిందని అమ్మకందారు చెప్పాడు. మరి జనానికి కనబడేలా ఆ తడి గింజలను పైన ఎందుకు ఉంచలేదని ఆయన ప్రశ్నించారు. మోసం చేసేవాడు తన వాడు కాడని హెచ్చరించారు. కళ్ళాల్లో ధాన్యం తడిసిన బాధ ఎరిగిన మనకు ఈ మాట మరింత బాగా అర్థమవుతుంది.

కాబట్టి కొనేవారు కూడా రాశిలో చేయి పెట్టి చూడాలి. కారు లోపలి కార్పెట్‌ను ఎత్తి చూడాలి. సీటు బెల్టును చివరిదాకా లాగితే బురద గీత కనబడుతుందేమో, స్టెప్నీ గుంటలో ఒండ్రు ఉందేమో, సీట్ల కింది ఇనుము తుప్పు పట్టిందేమో గమనించాలి. మీటరులోని కిలోమీటర్లను సర్వీసు రికార్డులతో పోల్చాలి. పాత బీమా క్లెయిముల వివరాలు అడగాలి. నమ్మకమైన మెకానిక్‌కు చూపనిదే బయానా ఇవ్వరాదు.

కాగితాలూ అంతే ముఖ్యం. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళకే చెల్లుతుంది. ఎన్నేళ్ళు మిగిలిందో చూడాలి. ఫైనాన్సు బాకీ ఉంటే అది తీరినట్లు పత్రం తీసుకోవాలి. ఇక మన పాత కారు ఇచ్చివేసేటప్పుడు, పేరు మార్పిడి అయ్యేదాకా వదలరాదు. రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేరు ఉంటే ప్రమాద పరిహారానికి వారే బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

అమ్మేటప్పుడు మన కారులోని లోపాన్ని మనమే ముందుగా చెప్పాలి. దానివల్ల పదివేలు తగ్గవచ్చు, తగ్గనివ్వండి. ఎదుటివారి నుండి కోరే నిజాయితీని మనం ఇవ్వకుండా ఎలా అడుగుతాం?

చివరిగా ఒక కొలబద్ద. కారు ధర చెల్లించిన తరువాత కూడా, ఒక పెద్ద మరమ్మతుకు సరిపడా సొమ్ము అప్పు లేకుండా, వడ్డీ జోలికి పోకుండా చేతిలో మిగులుతుందా? ఇంట్లో అందరూ కూర్చుని ఈ లెక్క వేయండి. మిగిలేటట్లయితే నిశ్చింతగా కొనండి. మిగలకపోతే, ఇంటి ముందున్న చిన్న కారే ప్రస్తుతానికి మన స్తోమతకు తగిన వాహనం. అందుకు అల్లాహ్‌కు కృతజ్ఞతలు చెప్పుకుందాం.