దారి చూపువారెవరు?

పరీక్షాఫలితములు వెలువడిన దినమున పేదయింటి బిడ్డను ప్రశంసించుటకు ఊరంతయు కదలివచ్చును. మఱునాడు ఆ బిడ్డ యే చదువునకు పోవలయునో, ఏ దరఖాస్తు నెన్నటిలోగా పంపవలయునో చెప్పువాడొక్కడును కానరాడు. గడువు దాటును, బిడ్డ కూలికి పోవును. బుద్ధి లేక గాదు, దారి తెలియక నిలిచిపోయిన చదువు లెన్నియో మన కన్నులయెదుట నున్నవి.

ప్రభుత్వమువారు చేతులు ముడుచుకొని కూర్చుండిరని మేము చెప్పుటలేదు. 1971లో నల్లగొండ సీమలోని సర్వేలున తొలి గురుకుల పాఠశాల వెలసినది. 2008లో గ్రామీణ విద్యార్థుల నుద్దేశించి నూజివీడు, ఇడుపులపాయ, బాసరలయందు ట్రిపుల్ ఐటీలు నెలకొన్నవి. 10వ తరగతి ముగిసినతోడనే యచట ఆఱేండ్ల చదువు దొరకును. తలుపులు తెఱచియే యున్నవి. అచటిదాక నడిపించువారు కావలయును.

ఒక్క యుదాహరణము చాలును. ఎన్.ఎం.ఎం.ఎస్. అను కేంద్రప్రభుత్వ ఉపకారవేతన మొకటి గలదు. ప్రభుత్వ, స్థానికసంస్థల, ఎయిడెడ్ బడులలో 8వ తరగతి చదువు పేదపిల్లలు దాని పరీక్షయందు నెగ్గినచో ఏటికి 12,000 రూపాయల చొప్పున నాలుగేండ్లు లభించును. అందులకు ఆదాయ ధ్రువపత్రము తేవలయును, బ్యాంకుఖాతా తెఱవవలయును, ఏటేట కంప్యూటరుద్వారా దరఖాస్తును పునరుద్ధరింపవలయును. చదువుకొన్న యింట నిది పూటపని. నిరక్షరాస్యులైన తలిదండ్రుల కిది కొండ యెక్కుటయే. అందొక్క కాగితము తప్పినను 48,000 రూపాయల యాధారము చేజాఱును.

ఈ పని పఠనమందిరములది. 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును స్థాపించిన పెద్దలు గ్రంథాలయము పుస్తకముల కొట్టు మాత్రమే కాదని యెఱిగినవారు. నేడు ప్రతి పఠనమందిరమునను వారమున కొక సాయంకాలము విద్యార్థులకై కేటాయింపుడు. పరీక్షల గడువుతేదీలను పెద్ద యక్షరములతో గోడపై నుంచుడు. ఆ యూరినుండి కళాశాలకు పోయిన యువతీయువకులను పిలిచి తమ్ములకు, చెల్లెండ్రకు తమ యనుభవము చెప్పింపుడు. ఇంజనీరింగొక్కటే చదువు కాదనియు, పాలిటెక్నికు, ఐ.టి.ఐ., నర్సింగు మొదలగువానివలనను గౌరవముగ జీవింపవచ్చుననియు తలిదండ్రులకు బోధింపుడు.

ఇట్లనుటచే ప్రభుత్వము తన బాధ్యతనుండి తప్పుకొనరాదు. ప్రతి ఉన్నతపాఠశాలయందును ఈ పనికై యొక యుపాధ్యాయుని నియమించి, ఆతనికి వేఱు భారము లేకుండ చేయవలయునని మేము కోరుచున్నాము. అది జరుగువఱకు మన పట్టణముల విద్యావంతులు వారమునకు రెండుగంటలు వెచ్చింపలేరా? వచ్చు ఫలితముల దినమునకు ముందే ఈ యేర్పాటు జరుగవలయును.