ఉక్కు నినాదంలో అరబీ మాట: ‘హక్కు’ అంటే రావాల్సిందేనా, ఇవ్వాల్సింది కూడానా?

విశాఖపట్నం: ‘విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు’. 1966 ఉద్యమం నాటి ఈ నినాదం తెలియని తెలుగువారు ఉండరు. కానీ అందులోని ‘హక్కు’ అరబీ మాట అని ఎంతమందికి తెలుసు?

అరబీలో అది ‘హఖ్’. ఫార్సీ కచేరీ భాషగా ఉన్న రోజుల్లో భూమి కాగితాలు, కోర్టు వ్యవహారాలతో పాటు తెలుగులోకి వచ్చి ‘హక్కు’గా స్థిరపడింది. దావా, వకీలు, ఫిర్యాదు కూడా ఆ దారిన వచ్చినవే.

అయితే దారిలో కొంత అర్థం జారిపోయింది. తెలుగులో హక్కు అంటే మనకు రావాల్సింది. అరబీ, ఉర్దూల్లో హఖ్ అంటే సత్యం కూడా. అల్లాహ్ నామాల్లో ‘అల్-హఖ్’ ఒకటి. ఎదుటివాళ్లకు మనం ఇవ్వాల్సిందీ హఖ్ లెక్కలోకే వస్తుంది. నిఖా సమయంలో ‘హఖ్ మహర్’ అనేది అందుకే. భార్యకు అది రావాల్సింది, భర్తకు అది చెల్లించాల్సింది. తోటి మనుషులకు మనం బాకీ పడినవన్నీ ‘హుఖూఖుల్ ఇబాద్’.

ఈ అర్థంతో ఉక్కు ఫ్యాక్టరీ కథ చూస్తే లెక్క మారుతుంది. ఆ ఉద్యమంలో 32 మంది ప్రాణాలు కోల్పోయారు. 1970 ఏప్రిల్ 17న ప్రధాని ఇందిరా గాంధీ పార్లమెంటులో ప్లాంటును ప్రకటించారు. ఆంధ్రులకు రావాల్సింది వచ్చింది. మరి ఇవ్వాల్సింది? ప్లాంటు కోసం ఊళ్లు ఖాళీ చేసిన కుటుంబాలకు ఉద్యోగాల కోసం ‘ఆర్ కార్డులు’ ఇచ్చారు. కార్డు ఉన్న అందరికీ ఉద్యోగం మాత్రం రాలేదు.

2021 జనవరి 27న కేంద్ర కేబినెట్ కమిటీ నూరు శాతం పెట్టుబడుల ఉపసంహరణకు సూత్రప్రాయంగా ఓకే చెప్పింది. కార్మికులు మళ్లీ అదే నినాదంతో రోడ్డెక్కారు. 2025 జనవరిలో కేంద్రం రూ. 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చింది. అదే ఏడాది మే నెలలో తొలగింపులకు వ్యతిరేకంగా కాంట్రాక్ట్ కార్మికులు సమ్మెకు దిగారు.

ఖాతా పుస్తకాలు రాసే ఎవరికైనా తెలిసిన సంగతే: ఒకరికి రావాల్సిన పైకం మరొకరి పద్దులో బాకీగా ఉండాలి. ప్యాకేజీతో ప్లాంటు లెక్కలు కాస్త కుదుటపడొచ్చు. కానీ భూమి ఇచ్చి ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న ఇంటి బాకీ, ఏళ్ల తరబడి పనిచేసి గేటు బయట నిలబడిన కార్మికుడి బాకీ ఎవరి పద్దులో రాస్తారు?

ప్లాంటు ఎవరి చేతిలో ఉండాలన్న చర్చ ఇంకా నడుస్తుంది, నడవాలి కూడా. ఆ చర్చలో ‘హక్కు’ అన్న ప్రతిసారీ, అడిగేదానితో పాటు ఇవ్వాల్సింది కూడా లెక్కలోకి రావాలి. అప్పుడే ఆ మాటకు పూర్తి అర్థం.