ఉమ్మనీరు తగ్గితే తప్పు తల్లిదేనా?

స్కానింగుల ఉమ్మనీరు తక్కువని తేలంగనే తల్లినే నిలదీస్తరు: "నీళ్లు తాగవా? తిండి తినవా?" సిద్దిపేట చుట్టుపక్కల నాట్లేసి, పత్తి ఏరి, ఏడో నెలల ఆస్పత్రి మెట్లెక్కే మన ఆడోళ్లకు ఈ మాట కొత్త కాదు. ఎందుకు తాగలేదో మాత్రం ఎవరూ అడుగరు. మేం అడుగుతున్నం.

పొద్దున చేన్ల దిగితే పొద్దుగూకేదాక చాటు లేదు. మూత్రానికి పోవాలంటే సిగ్గు, అందుకే నీళ్లే మానుకుంటరు. ఆసామి బిందె ముట్టరాదు, దోసిలి పట్టాలె అనే కాడ మాటిమాటికి ఎవరు అడుగుతరు? 2016 ఆగస్టు 7న మన గజ్వేల్ దగ్గరి కోమటిబండల ప్రధానమంత్రి మిషన్ భగీరథను ప్రారంభించిండు. నల్లా ఇంటిదాక వచ్చింది, చేనుదాక రాలేదు.

ఐదో నెల దాటినంక ఉమ్మనీరు ఎక్కువ భాగం కడుపుల బిడ్డ పోసే మూత్రమే. బీపీ పెరిగి మాయకు రక్తం సరిగ అందకున్నా, బిడ్డ మూత్రపిండాలల్ల లోపమున్నా, ఉమ్మసంచి చిల్లు పడినా, నెలలు దాటిపోయినా అది తగ్గుతది. వీటిల తల్లి చేసిన తప్పేది? తల్లి ఒంట్ల నీళ్లు తగ్గినా ఉమ్మనీరు తగ్గుతది. అసొంటప్పుడు బాగ నీళ్లు తాగితే పెరుగుతదని పరిశోధనలల్ల తేలింది. కొబ్బరిబోండాలే కావాలని లేదు, మంచినీళ్లు చాలు. ఉమ్మనీరు పెంచుతదని అమ్మే పొడి డబ్బాలకు కూలి పైసలు తగలేయకుండ్రి.

ఇంకొక ముచ్చట మనోళ్లకు చెప్పేటోళ్లే లేరు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ అసొంటి నొప్పి గోలీలు ఐదో నెల దాటినంక వాడితే బిడ్డ మూత్రపిండాలు దెబ్బతిని ఉమ్మనీరు తగ్గొచ్చని 2020ల అమెరికా మందుల నియంత్రణ సంస్థ హెచ్చరించింది. వంగి నాటేసే ఆమెకు నడుము నొయ్యదా? పండుకుంటే కూలి పోతదని ఆర్‌ఎంపీ ఇచ్చిన గోలి మింగి మళ్ల బురదల దిగుతది. డాక్టరు రాయని నొప్పి గోలి ముట్టొద్దు.

ఇక తిండి. 2015 జనవరిల మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం కింద గర్భిణికి అంగన్‌వాడీల రోజూ ఒక పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు పెట్టాలె. మధ్యాహ్నం చేన్ల ఉన్న తల్లి అక్కడికొచ్చి ఎట్ల తింటది? 2013 ఆహార భద్రత చట్టం గర్భిణికి 6,000 రూపాయలకు తక్కువ కాకుండ ఇయ్యాలన్నది. అవి ఎన్ని రోజుల కూలికి సరి? పెద్దకూర రక్తం పట్టే తిండి, ఎవరో ఈసడిస్తరని మానొద్దు. బిడ్డ పెద్దగైతే కాన్పు కష్టమని కోడలి కడుపు మాడ్చే అత్తలకూ చెప్పాలె.

2019ల జరిగిన జాతీయ సర్వే లెక్కల తెలంగాణల 100 కాన్పులకు 60 కోతలే. అందుకే స్కానింగు కాయిదం అడిగి తీసుకోండ్రి. నాలుగు చోట్ల కొలిచి కలిపితే 5 సెంటీమీటర్లకు తగ్గినప్పుడు ఉమ్మనీరు తక్కువ అంటరు. ఆ ఒక్క అంకె చూపి కోత అంటే, బిడ్డ గుండె, బీపీ, నెలలు అన్నీ చూసిండ్రా అని అడగాలె. అట్లని నీరు కారినా, బిడ్డ కదలిక తగ్గినా ఇంట్ల కూసోవద్దు. అర్ధరాత్రి అయినా 108కు ఫోన్ చెయ్యాలె.

ఈసారి పత్తి ఏరుడుకు కూలి మాట్లాడేటప్పుడే నీళ్ల బిందె, చాటు, గర్భిణికి అంగన్‌వాడీకి పోయొచ్చే సెలవు కూడ మాట్లాడుకోవాలె. సంఘపోళ్లు ఆ మాట ముందుగాల ఎత్తాలె.