పరిశోధకులకు దారిబత్తెము

యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాకు పోగలిగినది కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థవారి వాగ్దానమువలనను, మామగారు సమకూర్చిన ద్రవ్యమువలనను. 1927లో హార్వర్డునందు ఫిస్కెగారితో కూడి వారు కండరమున శక్తిని నిలువజేయు ఫాస్ఫోక్రియాటినును కనుగొనిరి. ఆ దారిబత్తెము వ్యర్థమాయెనని ఎవరనగలరు?

కండరశాస్త్రమునకు నేటికిని పని మిగిలియున్నది. డ్యూషెన్ కండరక్షీణతకు గుఱియైన బాలుడు సామాన్యముగా పండ్రెండేండ్లు దాటకమున్నే నడక గోల్పోవును. అందు లోపించు డిస్ట్రోఫిన్ అను మాంసకృత్తు 1987లోనే తెలిసినను, వ్యాధిని సమూలముగా మాన్పు ఔషధము లేదు.

కండరపు తునకను పరీక్షించు నేర్పు గ్రంథపఠనముచే అలవడదు. ఎఱిగినవారి ప్రక్కన నిలిచి చేతితో నేర్వవలయును. బెంగుళూరు నిమ్హాన్సువంటి చోటుల అట్టి ప్రయోగశాలలు కలవు. ఉదయగిరి కొండక్రిందనో ఆత్మకూరులోనో పుట్టిన పరిశోధక విద్యార్థి రైలుఖర్చునకును బసకును ధనములేక ఆగిపోవలయునా?

ఇట్టి పయనములు విహారయాత్రలని కొందఱందురు. విద్యార్థివేతనములో ప్రయాణవ్యయమును విడదీసి చూపి, తిరిగివచ్చినవాడు ఆ విద్యను తన ప్రయోగశాలలో పదుగురికి నేర్పవలయునను నియమము పెట్టినచో ఈ శంక తీరును. ప్రభుత్వమును, కళాశాలలును ఈపాటి చేయవలయును. ఊరి పఠనమందిరములును చేయూత నీయవలయును. బాటసారికి సత్రము కట్టించిన తెలుగునాటికి ఇది క్రొత్త ధర్మము కాదు.