పదకొండు వేల ఎనిమిది వందల లెక్క

గత మాసం ఒక శుక్రవారం అస్ర్ నమాజు తరువాత, పదిహేనేళ్ళ క్రితం మా వద్ద చదువుకున్న విద్యార్థి ఒకడు తల్లిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఇప్పుడతనికి హైదరాబాదులో మంచి ఉద్యోగం. వచ్చే శీతాకాలంలో తల్లితో, భార్యతో కలిసి ఉమ్రాకు వెళ్ళాలని సంకల్పం. చేతిలో ఒక బ్యాంకువారి రంగురంగుల కరపత్రం ఉంది.

“ఉస్తాద్, ఈ ట్రావెల్ క్రెడిట్ కార్డుకు ఏడాదికి పదివేలు కట్టాలి. విమానాశ్రయంలో లాంజ్ ఉచితం. విదేశాల్లో ఖర్చు చేస్తే మారకం మీద వేసే రుసుము తక్కువ. పాయింట్లు రెట్టింపు. ఉమ్రాకు పనికివస్తుంది కదా, తీసుకోమంటారా?” అని అడిగాడు.

ఈ ప్రశ్నలో రెండు ప్రశ్నలున్నాయి. మొదటిది ధార్మికమైనది. గడువు దాటితే వడ్డీ చెల్లిస్తానన్న షరతు మీద సంతకం చేయడం సమ్మతమేనా? 2000 సంవత్సరంలో రియాద్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ, గడువులోపలే కట్టే ఉద్దేశం ఉన్నప్పటికీ అటువంటి షరతుగల కార్డు ధర్మసమ్మతం కాదని తీర్మానించింది. చేసిన సేవకు ప్రతిగా తీసుకునే రుసుమును మాత్రం అనుమతించింది. మన దేశంలో పలువురు ముఫ్తీలు అవసరాన్ని దృష్టిలో ఉంచుకుని, ప్రతి బిల్లూ గడువులోపల పూర్తిగా చెల్లించాలన్న నియమంతో అనుమతి ఇస్తున్నారు. మేము పాఠాలు చెప్పేవారమే గాని ఫత్వా ఇచ్చేవారము కాము. తాను విశ్వసించే ముఫ్తీని అడిగి తెలుసుకొమ్మని ఆ అబ్బాయికి చెప్పాము.

రెండవది రూపాయల ప్రశ్న. దీనికి ముఫ్తీతో పనిలేదు, ఒక కాగితం, ఒక కలం చాలు. వ్యర్థవ్యయం కూడా మనకు నిషిద్ధమే కనుక దీన్ని తేలికగా తీసుకోరాదు.

కాగితం తెప్పించి మొదటి పంక్తిలో పదివేలు వేయబోతే మేమే ఆపాము. రుసుము మీద 18 శాతం జీఎస్‌టీ ఉంటుంది. అంటే పదకొండు వేల ఎనిమిది వందలు. కరపత్రం మీద పెద్ద అక్షరాల్లో ఉండేది ఎప్పుడూ పన్ను కలపని అంకెయే.

తరువాత లాంజ్. ఒక్కసారి ప్రవేశం విలువ పదిహేను వందలని, ఏడాదికి ఎనిమిది సార్లు ఉచితమని, అంటే పన్నెండు వేల లాభమని కరపత్రం లెక్క. రుసుము అక్కడికక్కడే తీరిపోయినట్టు కనిపిస్తుంది. “బాబూ, పోయిన ఏడాది నీ సొంత డబ్బుతో ఎన్నిసార్లు విమానం ఎక్కావు?” అని అడిగాము. ఒక్కసారీ లేదు. ఆఫీసు పనిమీద వెళితే ఖర్చులన్నీ ఆఫీసువే. కర్నూలుకు బస్సులోనో రైల్లోనో వస్తాడు. కాబట్టి మిగిలింది ఉమ్రా ప్రయాణమే. పోయేటప్పుడు శంషాబాదులో ఒకసారి, వచ్చేటప్పుడు జిద్దాలో ఒకసారి. అదీ కార్డు గలవానికి మాత్రమేనని, వెంట వచ్చేవారికి డబ్బు కట్టాలని కరపత్రం అడుగున చీమలబారులాంటి అక్షరాల్లో ఉంది. పైగా అంతకుముందు మూడు నెలల్లో ఫలానా మొత్తం కార్డు మీద ఖర్చు చేసి ఉంటేనే ఈ సౌకర్యం.

అంతవరకు మౌనంగా ఉన్న తల్లి అప్పుడు నోరు తెరిచింది. “అయితే వాడు లోపల కూర్చుని తింటాడు, నేనూ కోడలూ బయట కుర్చీల్లో ఉంటామన్నమాట. పోనీలెండి హజ్రత్, నా సంచిలో రొట్టెలుంటాయి.” మేమందరం నవ్వాము. కాని లెక్క దొరికింది ఆ మాటలోనే. లాంజ్ విలువ బ్యాంకు చెప్పే పదిహేను వందలు కాదు. అది లేకపోతే మన జేబులోంచి నిజంగా ఎంత పోయేదో అదే దాని విలువ. విమానాశ్రయంలో ఒక టీ, కాస్త ఫలహారం అనుకుని నాలుగు వందలు వేశాము. రెండుసార్లకు ఎనిమిది వందలు.

విదేశీ మారకం సంగతి చూశాము. అతని దగ్గర ఇప్పటికే ఉన్న ఉచిత కార్డు మీద రుసుము 3.5 శాతం, కొత్త దాని మీద 2 శాతం. తేడా ఒకటిన్నర. అయితే టిక్కెట్లు, వీసా, మక్కా మదీనాల్లో బస అన్నీ ప్యాకేజీలోనే ఉన్నాయి. ఆ డబ్బు ఇక్కడి ఏజెంటుకు రూపాయల్లోనే చెల్లిస్తాడు. కార్డు గీస్తే అదనంగా రెండు శాతం ఇమ్మని ఆ ఏజెంటు ముందే చెప్పాడట. రియాళ్ళలో ఖర్చయ్యేది భోజనాలు, టాక్సీలు, బంధువులకు ఖర్జూరాలు, జానమాజులు. ధారాళంగా లక్ష రూపాయలనుకున్నా ఆదా పదిహేను వందలు. దాని మీది జీఎస్‌టీ కలిపితే 1,770.

ఇక పాయింట్లు. ఇంటి ఖర్చు నెలకు నలభై వేలు కార్డు మీద పోతుంది, సంవత్సరానికి 4 లక్షల 80 వేలు. కొత్త కార్డు రెండు శాతం ఇస్తే 9,600. అతను ఆ మొత్తమంతా లాభంలో వేశాడు. ఉచిత కార్డు ఇప్పటికే ఒక శాతం ఇస్తోంది కదా, అందులోంచి 4,800 తీసివేయాలి. కొత్తగా వచ్చేది మిగతా 4,800 మాత్రమే.

మొత్తం కూడితే 7,370 రూపాయలు. కట్టవలసింది 11,800. నాలుగు వేల నాలుగు వందల ముప్పై నష్టం.

అబ్బాయి అంతటితో ఒప్పుకోలేదు. ఏడాదిలో ఎనిమిది లక్షలు ఖర్చు చేస్తే రుసుము మాఫీ అట. చెల్లెలి పెళ్ళి ఖర్చు దీని మీద వేస్తే లక్ష్యం దాటుతుందన్నాడు. మాకు కొంచెం కోపం వచ్చిన మాట నిజం. నికాహ్‌ను సులభం చేయమని ఏళ్ళ తరబడి పాఠం చెప్పినవాళ్ళం. ఎలాగూ అయ్యే ఖర్చయితే సరే. లక్ష్యం కోసం విందులో ఇంకో వంద ప్లేట్లు పెంచితే, మాఫీ అయిన రుసుముకంటే పెంచిన విందే ఎక్కువవుతుంది. చేతిలో నోట్లు లెక్కపెట్టి ఇచ్చేటప్పుడు కలిగే సంకోచం కార్డు గీసేటప్పుడు కలగదు.

ఇక్కడ మా అనుభవం ఒకటి దాచకుండా చెప్పాము. కొన్నేళ్ళ క్రితం ఒక బ్యాంకు కార్డు మా దగ్గరా ఉండేది. ఆ రమజాన్‌లో చివరి పది రోజులు ఏతికాఫ్‌లో కూర్చున్నాము. ఫోను ఇంట్లో. బిల్లు గడువు సరిగ్గా ఆ రోజుల్లోనే దాటిపోయింది. పండుగ తరువాత చూస్తే ఆలస్య రుసుముతోపాటు, కొన్న తేదీ నుంచి లెక్కగట్టిన వడ్డీ. డబ్బు లేక కాదు, మరచి. జీవితంలో వడ్డీ కట్టని మేము, మస్జిదులో కూర్చుని కట్టినవాళ్ళమయ్యాము. ఆ నెలే కార్డు రద్దు చేసుకున్నాము. నెలకు 3.5 శాతమంటే చిన్నదిగా వినిపిస్తుంది, ఏడాదికి 42. ఒక్క నెల తప్పితే పాయింట్ల లాభమంతా అందులో కొట్టుకుపోతుంది. కార్డు ఉన్నవారు ఖాతా నుంచి తనంతట తానే చెల్లింపు జరిగే ఏర్పాటు చేసుకోవాలి. అందులో ‘కనీస మొత్తం’ కాక ‘మొత్తం బకాయి’ అన్నది ఎంచుకోవాలి.

మొదటి ఏడాది స్వాగత బహుమతి చూసి తీసుకున్నవారు రెండవ ఏడాది రుసుము పడే తేదీని క్యాలెండరులో నెల ముందే గుర్తుపెట్టుకోవాలి. వద్దనుకుంటే పాయింట్లు వాడుకుని, బకాయి తీర్చి, రద్దు కోరాలి. రిజర్వు బ్యాంకు ఆదేశాల ప్రకారం ఏడు పనిదినాల్లో బ్యాంకు కార్డును మూసివేయాలి. ఆలస్యమైతే రోజుకు అయిదు వందలు మనకే చెల్లించాలి.

వారం తరువాత ఆ అబ్బాయి ఫోను చేశాడు. కార్డు తీసుకోలేదు. కాని అదే పద్ధతిలో తన బావకు లెక్క వేసి చూశాడట. ఆయన వస్త్రవ్యాపారి, సరుకు కోసం సొంత డబ్బుతో ఏడాదికి ఏడెనిమిదిసార్లు దుబాయి వెళతాడు, అక్కడ ఆరు లక్షలదాకా కార్డు మీదే ఖర్చు చేస్తాడు. మారకంలో ఆదాయే పన్నుతో కలిపి 10,620 తేలింది, లాంజ్ కలిపితే రుసుము దాటింది. “ఆయనకు గిట్టుతుంది ఉస్తాద్, తీసుకోమననా?” అన్నాడు. మారకపు రుసుము అసలే వేయని కార్డులు కూడా కొన్ని ఉన్నాయి, ముందు వాటితో పోల్చి చూడమన్నాము. ముఫ్తీ సాహెబును కలిశాడా అని కూడా అడిగాము. ఇంకా లేదట.