శ్రవణం లేని లేఖనం

విద్యకు ప్రథమద్వారం చెవి. బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్యమహర్షి మైత్రేయికి ఉపదేశించిన క్రమం శ్రవణం, మననం, నిదిధ్యాసనం. అది ఆత్మవిద్యకు విధింపబడినదే అయినా, లౌకికవిద్యకు సైతం ఆ మార్గమే శరణ్యం. నేటి కళాశాలలలో ఈ క్రమం తలక్రిందులైనది. అధ్యాపకుడు నోరు విప్పగానే విద్యార్థి కలం పరుగెత్తుతుంది. లేదా ఫోను నల్లబల్లను ఫొటో తీస్తుంది. పుస్తకం నిండుతుంది, బుద్ధి రిక్తంగా మిగులుతుంది.

వ్యాసభగవానుడు భారతం చెప్పబూనినపుడు, తన గంటం ఆగరాదని విఘ్నేశ్వరుడు నియమం పెట్టాడు. అర్థం గ్రహించనిదే ఒక్క అక్షరమైనా వ్రాయరాదని వ్యాసుడు ప్రతినియమం పెట్టాడు. లేఖకధర్మమంతా ఈ రెండవ నియమంలో ఇమిడి ఉన్నది.

ఆ భారతానికి తెలుగురూపం ఇచ్చిన కవిత్రయంలో తిక్కన సోమయాజి నెల్లూరివాడు. 13వ శతాబ్దంలో ఆయన విరాటపర్వం మొదలుకొని 15 పర్వాలను చెప్పగా, కుమ్మరి గురునాథుడు వ్రాశాడని ప్రసిద్ధి. ధారగా సాగే పద్యాన్ని అందుకొనుటకు చేతివేగం చాలదు. ఛందోగతినీ అన్వయాన్నీ చెవి ముందుగా పట్టుకోవాలి.

ఆనాటి విక్రమసింహపురి నామాన్నే 2008లో నెల్లూరులో వెలసిన విశ్వవిద్యాలయం ధరించినది. మైపాడు, కృష్ణపట్నం వంటి తీరగ్రామాల నుండి నగరానికి చదువుకై వచ్చే బిడ్డలలో, తమ వంశంలో తొలిసారిగా కళాశాల మెట్లెక్కినవారున్నారు. పాఠాన్ని ఇంట మరల వివరించేవారు వారికి ఉండరు. ఆంగ్లంలో సాగే బోధ ఒకసారి చెవి దాటిపోతే, తల్లిదండ్రుల కష్టార్జితంలో ఆ దినపు భాగం వ్యర్థమైనట్లే.

గురువు వలన విద్యలో ఒక పాదమే లభిస్తుందని, తక్కిన మూడు పాదాలు స్వబుద్ధి, సహాధ్యాయులు, కాలం వలన సిద్ధిస్తాయని పెద్దల మాట. కనుక విషయాన్ని పూర్తిగా విని, గ్రహించి, స్వీయవాక్యాలలో, అవసరమైతే తెలుగులోనే, క్లుప్తంగా వ్రాయాలి. సందేహాలకు పుటలో ఒక అంచు విడువాలి. తరగతి ముగిసిన పిదప సహాధ్యాయితో సరిచూసుకోవాలి. ఆ రాత్రియే పుస్తకం మూసి, విన్నదానిని స్మరించాలి. గురువు ఒకసారి పలికినదానిని శిష్యుడు రెండుసార్లు పలికే వేదపాఠశాల సంథలోని రహస్యం ఈ ఆవృత్తియే.

యథాతథంగా వ్రాసుకొన్నదే పరీక్షలో మార్కులు తెస్తుందని కొందరి వాదం. నిర్వచనాలు, సూత్రాలు, సంవత్సరాల విషయంలో అది సత్యమే. వాటిని అక్షరం తప్పక వ్రాయవలసినదే. కాని ప్రశ్న కొంచెం మారితే కంఠస్థమైన పుట నిరుపయోగమవుతుంది. అర్థమైన విషయం అప్పుడే అక్కరకు వస్తుంది.

అధ్యాపకులు సైతం నడుమనడుమ నిలిచి, వినేవారికి ఆలోచించే వ్యవధి ఇవ్వాలి. గూఢశ్లోకాల వద్ద విఘ్నేశ్వరుడే గంటం ఆపి యోచించాడంటారు. విద్యార్థి కలం క్షణకాలం ఆగితే దోషమేమున్నది?